చిత్రకారిణి ఇంట్లో నలుగురు పిల్లలు



"కళాకారుడన్నాక ఆమాత్రం తిక్క ఉండాలి" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఆ తిక్కతో ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో బతికినవాళ్లను మాత్రం సభకు పిలిచి, శాలువా కప్పి, మాట్లాడించకుండా పంపించేస్తాం. వాళ్ల చేత మాట్లాడించిన నవల ఒకటుంది. ఇంగ్లిషు రచయిత పాట్రిక్ గేల్ రాసిన 'నోట్స్ ఫ్రమ్ యాన్ ఎగ్జిబిషన్', 2007లో వచ్చింది.

కథాస్థలం కార్న్‌వాల్‌లోని పెంజాన్స్, సముద్రం ఒడ్డు ఊరు. రేచల్ కెల్లీ పేరున్న చిత్రకారిణి. ఆమెకు ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు. భర్త ఆంటొనీ బడిపంతులు, క్వేకర్ మతస్థుడు. క్వేకర్ల ప్రార్థనలో మంత్రాలుండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు, చెప్పాలనిపించినవాళ్లు లేచి చెబుతారు. వీళ్లకు నలుగురు పిల్లలు: గార్‌ఫీల్డ్, మొర్వెన్నా, హెడ్లీ, పెట్రాక్. నవల మొదట్లోనే రేచల్ చనిపోతుంది. ఆ తర్వాత కథ ముందుకూ వెనక్కూ నడుస్తుంది, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి వైపు నుంచి.

ప్రతి అధ్యాయానికీ ముందు ఒక కార్డు ఉంటుంది. ఆమె పోయాక పెట్టిన ప్రదర్శనలో బొమ్మ పక్కన అంటించే వివరం అది. ఒక కార్డు ఆమె తొడుక్కున్న జాలరి చొక్కా గురించి, మరొకటి ఒక పెయింటింగ్ గురించి. కళా విమర్శకుడి భాష, తూచినట్టు ఉంటుంది. దాని కింద మొదలయ్యే అధ్యాయం ఇంటి సంగతి చెబుతుంది. ప్రదర్శన చూసి వెళ్లేవాళ్లకు కార్డు చాలు. పిల్లలకు చాలదు. నవల బలమంతా ఈ ఎడంలోనే ఉంది.

ఇక్కడ డాక్టర్లున్నారు కాబట్టి ఈ జబ్బుకు ఇచ్చే లిథియం మందు సంగతి చెప్పాలి. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని చూపించారు. మోతాదు మించితే విషం, అందుకే రక్తపరీక్షలు తప్పవు. రేచల్‌కు మందు వేసుకుంటే బొమ్మ రాదు. కడుపుతో ఉన్నప్పుడు మందు మానేస్తుంది, అప్పుడు బొమ్మలు పోటెత్తుతాయి. కాన్పయ్యాక కుప్పకూలి ఆసుపత్రి పాలవుతుంది. బైపోలార్ ఉన్న తల్లులకు కాన్పు తర్వాత జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువన్నది మీకు తెలిసిందే. ఇక ఆ ఇంటి పిల్లల వైపు నుంచి ఆలోచించండి. అమ్మ గొప్ప బొమ్మలకూ తమ పుట్టుకకూ లంకె ఉంది. తమ పుట్టుకకూ అమ్మ ఆసుపత్రికీ లంకె ఉంది. ఈ లెక్క తెలిసిన పిల్లలు ఎలా పెరుగుతారు?

అలాగని రేచల్‌ను రాక్షసిని చేయలేదు గేల్. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎవరి పుట్టినరోజైతే ఆ నాడు ఆ బిడ్డకు అమ్మ పూర్తిగా సొంతం, తోబుట్టువులు అడ్డురాకూడదు. ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా కాచుకుంటారు. తల్లి ప్రేమలో లోటేమీ లేదు, వాయిదాలున్నాయంతే. పిల్లల్లో ఎవరూ ఆమెను ద్వేషించలేకపోవడానికి కారణం అదే. మొర్వెన్నాకు తల్లి జబ్బు కూడా సంక్రమిస్తుంది. ఇల్లు విడిచి తిరుగుతుంది.

ఆంటొనీ ఓర్పును అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒక పేచీ ఉంది. ప్రార్థనలో మౌనం మంచిదే. ఇంట్లో కూడా అదే మౌనం పాటిస్తే పిల్లలు తమకు తోచిన కారణాలు అల్లుకుంటారు. అమ్మకు వచ్చినది జబ్బు, అది మీ వల్ల రాలేదు అని పిల్లలతో పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పాలి.

జబ్బే కళను పుట్టిస్తుందనే నమ్మకం మనలో గట్టిగా నాటుకుంది. చిత్రకారుడు వాన్ గో పేరు చెబుతారు. 1889లో ఆయన సాన్ రెమీ ఆసుపత్రిలో చేరి గొప్ప బొమ్మలు వేసినమాట నిజం. అయితే జబ్బు ముదిరిన రోజుల్లో చాలావరకు కుంచె పట్టలేకపోయాడు, ఎక్కువ బొమ్మలు తెరిపిన పడ్డాకే వేశాడు. ఆ బొమ్మలు వేసినన్నాళ్లూ ఖర్చులు పెట్టుకున్నది తమ్ముడు థియో. అన్నదమ్ములిద్దరూ పోయాక బొమ్మలనూ ఉత్తరాలనూ కాపాడి లోకానికి అందించింది థియో భార్య యొహానా. మనం పొగిడే పిచ్చి వెనుక ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది.

మన దేశంలో రోగి వెనుక ఉన్న ఇంటి సంగతి ముందే పట్టుకున్న డాక్టరు ఒకరు ఉండేవారు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల దగ్గర కుటుంబాలను ఉండనిచ్చారు. కుటుంబాన్ని కూడా వైద్యంలో భాగం చేశారు.

అందుకే రెండు విన్నపాలు. రచయితలారా, కళాకారుడి గురించి రాసేటప్పుడు ఆ ఇంటివాళ్లను కూడా అడిగి రాయండి. డాక్టర్లకు మనవి: రోగి వెంట వచ్చిన మనిషిని "మీకు నిద్ర పడుతోందా? పిల్లలు ఎలా ఉన్నారు?" అని అడగండి. అడగడానికి రెండు నిమిషాలు చాలు.