విల్లుకు ఏ చెక్క?

ఏటూరునాగారం అడవుల్లో కోయల విల్లు ఎక్కువగా వెదురుదే. పలకతో చేయాలనుకుంటే మాత్రం వరంగల్ అడితికి వెళ్లి టేకు ఒక్కటే అడగకండి. టేకు తలుపులకు మేలు. విల్లుకు తడ కర్రే నయం, బాగా వంగి మళ్లీ నిటారుగా లేస్తుంది.

ఏ కర్రైనా ముందు నార గీతలు చూడాలి. పలక ముఖం మీదా, పక్క అంచు మీదా అవి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగాలి. గీత మధ్యలోనే అంచు దాటి పోయిందా, విల్లు అక్కడే విరుగుతుంది. తాడు లాగినప్పుడు విల్లులో విలుకాడికి అవతలి వైపు సాగుతుంది. తెగిన నార ఆ లాగుడుకు ఆగదు. ఆ వైపు ముడి అసలే ఉండకూడదు. పచ్చి కర్ర వంగితే వంగినట్టే ఉండిపోతుంది, నీడన బాగా ఆరనివ్వండి. అడితి వాళ్లు విసుక్కున్నా సరే, పది పలకలు తిరగేసే ఒకటి తీసుకోండి.