చేపలతొట్టి - యంత్రము చెడినవేళ

సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా ఆయన దోసిటి నీటిలోనికి చిన్నచేప యొకటి వచ్చిన కథను పెద్దలందఱు నెఱుగుదురు. అది భాగవతము అష్టమస్కంధమునందలిది. తన్ను మరల నదిలో విడువవలదనియు, పెద్దచేపలు మ్రింగుననియు ఆ చేప వేడుకొనెను. రాజు దానిని కమండలువునందుంచెను. ఒక్క రాత్రిలో కమండలువు చాలకపోయెను. అటుపిమ్మట పెద్దపాత్రకును, సరస్సునకును, తుదకు సముద్రమునకును మార్చవలసివచ్చెను. మత్స్యావతార మహిమను వర్ణించుట నేటి నా పని కాదు. ఆ కథయందలి లౌకికనీతి నొక్కదానిని మాత్రము గ్రహించుచున్నాను. ఏటిచేపను పాత్రలోనికి తెచ్చినవాడు, ఏఱు దానికి చేయుచుండిన పని నంతయు తన తలపై వేసికొన్నవా డగును.

ఇప్పుడు మన పల్లెలలో సైతము ఇంటింట కాకపోయినను వీధి కొకయింటనైన గాజుతొట్టి కానవచ్చుచున్నది. మనుమలు, మనుమరాండ్రు గుంటూరునుండియో విజయవాడనుండియో చేపలను కొనితెచ్చి పెంచుచున్నారు. ఇది పడమటివారి వేడుక. ఇంగ్లండులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు 1850లో తొట్టిలో చేపలను నీటిమొక్కలను కలిపి పెంచినచో నీరు చాలకాలము చెడదని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై చేపలగృహము తెఱవబడెను. మన ప్రాంతము మదరాసు రాజధానిలో నుండిన దినములలో, 1909లో, మదరాసు సముద్రతీరమున అట్టి చేపలశాల నెలకొల్పబడెను. వేడుక మంచిదే. కాని తొట్టిని నడపు యంత్రము చెడినవేళ ఏమి చేయవలయునో తెలియక పలువురు చేపలను పోగొట్టుకొనుచున్నారు. కావున నీ విషయమును గూర్చి నాలుగుమాటలు చెప్పదలచితిని.

మన అమరావతి ప్రక్కగా పాఱు కృష్ణవేణి చేపలకు ప్రధానముగా మూడుపనులు చేయుచున్నది. రాళ్లను ఒరసికొని, గాలితాకిడికి అలలు లేచి, నీటిలో ప్రాణవాయువును కలుపుట మొదటిపని. చేపలు విసర్జించు మలినమును కొట్టుకొనిపోవుట, మట్టిలోని సూక్ష్మజీవులచే దానిని విఱిచివేయుట రెండవపని. అంత పెద్ద నీటిరాశి త్వరగా వేడెక్కక, త్వరగా చల్లబడక యుండుట మూడవపని. గాజుతొట్టిలో ఈ పనులకు మూడు యంత్రము లేర్పడినవి. గాలిని పంపునది యొకటి, నీటిని వడగట్టునది యొకటి, వేడిని నిలుపునది యొకటి. ఏ యంత్రము నిలిచినను, అది చేయుచుండిన పనిని తిరిగి యంత్రము వచ్చునందాక మనము చేతితో చేయవలెను. నా ప్రసంగసారాంశ మింతియే. తక్కినదంతయు దీని వివరణము.

ముందు రోగమును గుర్తించుట. తొట్టిలో ఒకచేప మందగించి, నాలుగుదినములకు మఱియొకటి మందగించినచో అది వ్యాధి కావచ్చును. చిన్నవి పెద్దవి యనక అన్నియు ఒక్కపూటలో ఉపరితలమునకు వచ్చి నోళ్లు తెఱచుచున్నచో, అది సామాన్యముగా వ్యాధి కాదు, నీటిదోషము. అప్పుడు చూడవలసినది మందులసీసాను కాదు, యంత్రమును.

మా వీధిలోని యొక యింట జరిగిన సంగతి చెప్పెదను. మాఘమాసపు చలికని నీటిని వేడిచేయు గాజుగొట్టమును తొట్టిలో వేసిరి. కోరిన వేడి రాగానే దానంతటది ఆగిపోవలసిన పరికరము, లోపలి మీట అంటుకొనిపోవుటచే, రాత్రియంతయు ఆగలేదు. తెల్లవారుసరికి ఎనిమిది బంగారుచేపలును పైకివచ్చి రొప్పుచుండెను. ఇంటిలో నొకరు తెగులని మందు పోసిరి. మఱియొకరు నీరంతయు పాఱబోసి కుళాయినీరు నింపబూనిరి. ఇంటర్మీడియేటు చదువుచున్న బాలిక గాజుపై చేయివేసి, వేడిని గుర్తించి, పరుగున పోయి ప్లగ్గు నూడబీకెను. ముసలి నాయనమ్మ చెంబు తీసికొని, పాలు చల్లార్చునట్లు, తొట్టినీటినే ఎత్తునుండి తిరగబోయ నారంభించెను. మూడు చేపలు దక్కినవి. ఆ నాయనమ్మ రసాయనశాస్త్రము చదివినది కాదు. అయినను ఆ గడియలో చేయదగినది అదియే.

ఎందువలననగా, వేడినీరు ప్రాణవాయువును తక్కువగా నిలుపుకొనును. 20 డిగ్రీల వేడిగల లీటరునీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీలవద్ద ఏడున్నర మిల్లీగ్రాములే యిముడును. లీటరుగాలిలో 280 మిల్లీగ్రాములవఱకు నున్నదనిన, చేప యెంత కొద్దిపాటి ఊపిరితో బ్రదుకుచున్నదో ఊహింపవచ్చును. వేడి పెరిగినకొలది దానికి ఊపిరి యెక్కువ కావలెను. నీటిలోనో తక్కువగును. కావున వేడి ముదిరినపుడు ముందు విద్యుత్తును నిలిపి, నీటిని తిరగబోయుచు, మూతబిగించిన మంచునీటిసీసాను తొట్టిలో తేలవిడువవలెను. గంటకు రెండు డిగ్రీలకంటె త్వరగా చల్లార్పరాదు. హఠాత్తుగా చల్లనినీరు క్రుమ్మరించుట రెండవదెబ్బ యగును. గుంటూరుసీమలో బంగారుచేపలకు ఈ వేడిగొట్టమే అనవసరము. అవి చల్లనినీటిని కోరునవి. ఉష్ణదేశపు చేపలకు కావలసినచో పెద్దది యొకటికి మాఱుగా చిన్నవి రెండు వేయుట మేలు. ఒకటి అంటుకొనిపోయినను నీటిని కాగబెట్టజాలదు, ఒకటి ఆగిపోయినను రెండవది కొంత కాపాడును.

ఇక గాలియంత్రము. దీనిలో నొక రబ్బరుపొర కొట్టుకొనుచు గాలిని నెట్టును. ఆ పొర చినిగినను యంత్రము మ్రోగుచునే యుండును. మోత విని మోసపోరాదు, బుడగలను చూడవలెను. యంత్రమును నీటిమట్టముకంటె క్రింద నుంచినచో, విద్యుత్తు పోయినవేళ నీరు సన్నగొట్టముద్వారా వెనుకకు దిగి యంత్రమును ముంచును, గదిని తడుపును. యంత్రమును పైయెత్తున నుంచవలెను. లేదా నీరు వెనుకకు రాకుండ ఆపు చిన్న కవాటమును గొట్టమునకు తగిలింపవలెను. దాని వెల అత్యల్పము. గాలి నిలిచినవేళ చెంబుతో నీటిని జానెడెత్తునుండి పోయుచుండవలెను. ఆ పూట మేత వేయరాదు. తిన్నచేపకు ఊపిరి యెక్కువ కావలెను, మిగిలిన మేత క్రుళ్లి యున్న ప్రాణవాయువును హరించును. ఆరోగ్యముగల పెద్దచేప రెండుమూడుదినములు ఉపవాసముండగలదు. మన కొఱ్ఱమీను వలె పైగాలిని పీల్చగల ఫైటరు, గురామి మొదలగు చేపలు ఈ కష్టమును కొంత తట్టుకొనును. తక్కినవి తట్టుకొనలేవు.

ఇదేమో పిల్లల యాట యని తలపవలదు. రేపల్లె, నిజాంపట్నము ప్రాంతములందలి రొయ్యలచెరువుల రైతులకు ఈ సంగతి కడుపుకోతగా తెలియును. రాత్రివేళ నీటిలోని నాచుకూడ ప్రాణవాయువును పీల్చుటచే తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. ఆ వేళ ఏరియేటర్ల చక్రము లాగిపోయినచో పంటయంతయు పోవచ్చును. అందుచే వారు జనరేటరు సిద్ధముగా నుంచుకొందురు. పెద్దచెరువునకు తగినట్లు జనరేటరు, చిన్నతొట్టికి తగినట్లు బ్యాటరీతో నడచు చిన్న గాలియంత్రము. న్యాయ మొక్కటియే.

మూడవది వడపోతయంత్రము. దీని విషయము మన రైతులకు సులభముగా తెలియును. ప్రత్తిచేలకు, మిరపచేలకు మనము పశువులయెరువు గాని యూరియా గాని వేసినపుడు దానినుండి అమ్మోనియా పుట్టును. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని ముందు నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొక్క ముఖ్యముగా ఈ నైట్రేటును తినును. రష్యాదేశీయుడగు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ జీవులను కనిపెట్టెను. అట్టి జీవులే వడపోతయంత్రపు స్పంజియందు కాపురముండి, చేపలు విడుచు అమ్మోనియాను మార్చుచుండును. అమ్మోనియా, నైట్రైటు చేపలకు విషములు, నైట్రేటు చాలవఱకు నిరపాయము. క్రొత్తతొట్టిలో ఈ కాపురము కుదురుటకు నాలుగునుండి ఆఱువారములు పట్టును.

నీటిపాఱుదల నిలిచినచో ఈ జీవులకును ఊపిరి యాడదు. మూసిన డబ్బాలో కొన్నిగంటలకే చావనారంభించి నీరు కంపుకొట్టును. ఆ యంత్రమును తిరిగి అట్లే నడపినచో ఆ విషజలమంతయు తొట్టిలో పడును. కావున డబ్బాలోని నీటిని పాఱబోసి, స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా జాడించి, పిమ్మట నడపవలెను. కుళాయిక్రింద కడుగరాదు. పంచాయతి నీటిలో కలుపు బ్లీచింగుపొడి క్రిములతోపాటు ఈ మేలుచేయు జీవులను గూడ చంపును. యంత్రము బాగుపడువఱకు దినమునకు నాల్గవవంతు నీటిని మార్చుచుండవలెను. మార్చు నీటిని ముందునాడే వెడల్పుపాత్రలో పట్టి ఆరుబయట నుంచినచో బ్లీచింగు ఘాటు చాలవఱకు పోవును. నీరంతయు ఒక్కమాఱు మార్చుట మాత్రము కూడదు.

ఇప్పటివఱకు చేపలప్రాణము మాట. ఇక మనుష్యప్రాణము మాట. నీరును విద్యుత్తును ఒక్కచో చేరినవి. పగిలిన వేడిగొట్టము తొట్టినీటికే విద్యుత్తును ఎక్కించును. చేప చచ్చినదని పిల్లవాడు చేయిపెట్టునేని వానికే ప్రమాదము. ప్లగ్గు ఊడదీసిన పిమ్మట గాని నీటిలో చేయి పెట్టరాదను నియమమును ఇంటిపెద్దలు పిల్లలచే వల్లెవేయింపవలెను. తీగను తొట్టినుండి తిన్నగా బోర్డునకు తీయరాదు. బోర్డుకంటె క్రిందికి వ్రేలాడునట్లు వంపు విడిచినచో, తీగవెంట జారు నీరు ఆ వంపునొద్దనే బొట్లుగా రాలిపోవును. విద్యుత్తు దారితప్పిన తక్షణమే ఆపివేయు ఎర్త్ లీకేజి బ్రేకరును ఎలక్ట్రీషియనుచే పెట్టించుట ఉత్తమము.

తొట్టి గాజుకూడ పరికరమే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. అనగా నీటిబరువే 56 కిలోలు. వంకరబల్లపై నుంచినచో అతుకులు విడును. జర్మనీరాజధాని బెర్లినులో నొక హోటలునందు పదిలక్షల లీటర్ల మహాతొట్టి 2022 డిసెంబరు 16వ తేదీన పగిలి, అందలి సుమారు 1500 చేపలలో కొద్దిమాత్రమే మిగిలెను. అంతటి నిపుణులు కట్టినదే నిలువలేదనిన, మన యింటి తొట్టిని నెలకొకమాఱు తడిమిచూచుట శ్రమ యనుకొనరాదు.

క్రొత్తయంత్రము కొన్నపుడు, చేపలున్న నీటిలో తొలుత పెట్టరాదు. బకెట్టు నీటిలో ఒక పగలు ఒక రాత్రి పిల్లలకందని చోట నడపి, థర్మామీటరుతో సరిచూచి, అప్పుడు తొట్టిలో వేయవలెను. కొన్న తేదీని దానిపై వ్రాసి, బిల్లును దాచవలెను. యంత్రము చేతికిచ్చిన దుకాణదారు బాధ్యత దుకాణదారుది, పరీక్షింపక వాడినవాని బాధ్యత వానిది. పై కొలతగల తొట్టిలో బంగారుచేపలు రెండింటికి మించరాదు. చేపలు తక్కువైనచో యంత్రము చెడినను మనకు కొన్నిగంటల వ్యవధి దొరకును. ఇఱుకుతొట్టిలో ఆ వ్యవధియుండదు.

తొట్టి నడపలేక విసిగినవారు చేపలను కాలువలో విడుచుట గలదు. అది దయ కాదు. దక్షిణామెరికానుండి తొట్టిచేపగా వచ్చిన సక్కరుచేప, జనులు దయ్యపుచేప యని పిలుచునది, మన చెరువులలో చొరబడి రైతుల వలలను చింపుచు, చేపలమేతను తినివేయుచు పెనుబాధ యైనది. పెంచలేనివారు పెంచగలవారి కీయవలెను.

పెద్దలు తమ యింటి పిల్లలకు తొట్టి కొనియిచ్చునాడే ఒక చెంబు, ఒక థర్మామీటరు, చేతిక్రింద నొక చిన్న గాలియంత్రము కూడ కొనియిచ్చి, ప్లగ్గు నియమమును నేర్పుదురు గాక యని కోరుచు విరమించుచున్నాను.