పంచాయతీ కార్యాలయమునకు ఏ బ్యాటరీ?

పంచాయతీ సభ్యులారా,

జనన మరణ ధ్రువపత్రములు నేడు కంప్యూటరు నుండియే రావలసియున్నవి. కరెంటు పోయినచో, శివారు పల్లె నుండి నడచివచ్చిన వృద్ధురాలు వట్టి చేతులతో మరలిపోవును. కావున ఇన్వర్టరు కొనుట దుబారా కాదు. అయితే మేము తిరిగిన గ్రామములలో సభ్యులు ఇన్వర్టరు ధరను గూర్చి తర్జనభర్జనలు చేసి, బ్యాటరీని మాత్రము అంగడివాని ఇష్టమునకు విడిచిపెట్టుట చూచితిమి.

ఒకచోట చౌకయని ట్రాక్టరు బ్యాటరీని తగిలించిరి. ఏడాది తిరుగకముందే అది మూలబడినది. తప్పు బ్యాటరీది కాదు. ఇంజనును కదలించుటకై కొన్ని క్షణములు పెద్ద కరెంటు నిచ్చుటయే దాని పని. దాని సీసపు పలకలు పలుచన. గంటలతరబడి పిండినచో అవి నిలువవు. పందెపు గుఱ్ఱమును బరువు బండికి కట్టినట్లే.

ఇన్వర్టరుకు తగినది ట్యూబులర్ బ్యాటరీ. ఇందు ధన పలకలోని పదార్థము గొట్టములలో బిగింపబడియుండుటచే త్వరగా రాలిపోదు.

ఎంతటిది కావలెను? రెండు పంకాలకు 150 వాట్లు, నాలుగు దీపములకు 40, కంప్యూటరుకు 110 అనుకొందము, మొత్తము 300. మూడు గంటలకు 900 వాట్ అవర్లు. ఇన్వర్టరులో పోవు నష్టమును కలిపిన సుమారు 1,125. దీనిని 12 వోల్టులచే భాగింపగా 94 ఆంపియర్ అవర్లు వచ్చును. బ్యాటరీని అడుగంట ఖాళీ చేయరాదు గనుక 150 ఆంపియర్ అవర్లది తీసికొనవలెను. లేజరు ప్రింటరును దీనికి తగిలింపకుడు. అది కరెంటును ఒక్కసారిగా గుంజును.

బ్యాటరీపై సి10 అనియో, సి20 అనియో ఉండును. 10 గంటలలో ఖాళీ చేయగా వచ్చు లెక్క మొదటిది, 20 గంటలలో వచ్చునది రెండవది. అంకె ఒకటే అయినప్పుడు సి10 బ్యాటరీయే గట్టిది. కొటేషనులో ఈ ముక్కను వ్రాయించుకొనుడు.

ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు తప్ప బోరు నీరు పోయరాదు. ఛార్జి అగునపుడు మండు వాయువు వెలువడును గనుక గాలి ఆడు చోటనే ఉంచవలెను. నీరు పోయు బాధ్యత ఎవరిదో తేల్చుకొనలేని పంచాయతీ, ధర ఎక్కువైనను, లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ కొనుటయే మేలని మా అభిప్రాయము. దానికి నీరు అక్కరలేదు, బరువు తక్కువ, మన్నిక ఎక్కువ. పాత ఇన్వర్టరు దానికి సరిపడునో లేదో ముందే విచారింపుడు.

పాత సీసపు బ్యాటరీని ఊరిలో పగులగొట్టి కరగింపనీయకుడు. సీసపు పొగ, ధూళి పసిబిడ్డల మెదడుకు హాని చేయును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ననుసరించి దానిని బ్యాటరీలను సేకరించు లేక రీసైక్లింగు చేయు సంస్థకే అప్పగించి, రసీదును కార్యాలయపు ఫైలులో భద్రపరుపుడు.