విద్యార్థినులపై అక్రమ ప్రవేశం కేసులు: మనం చేయవలసింది

(గోదావరిఖనిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీ పిల్లల మీద పెట్టే అక్రమ ప్రవేశం కేసుల గురించి మాట్లాడమన్నారు. ఇంత చిన్న కేసు కోసం సమావేశం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చట్టం దృష్టిలో ఇది చిన్న కేసే. కానీ గని కార్మికుని ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల మీద ఈ కేసు పడితే ఆమె చదువు ఆగిపోవడానికి అది చాలు. అందుకే ఇది వకీళ్ళకు వదిలేసే విషయం కాదు, మహిళా సంఘాల పని కూడా.

ఈ ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. క్వార్టర్లు, ఆస్పత్రి, ఆటస్థలం, జి.ఎం. ఆఫీసు అన్నీ సింగరేణివే. ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇక్కడ ఏ సమస్య చెప్పుకోవాలన్నా ఏదో ఒక గేటు దాటాల్సిందే. హాస్టల్లో నీళ్ళు లేవని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయినా, ఓపెన్‌కాస్టు బ్లాస్టింగులకు గోడలు పగులుతున్నాయని జి.ఎం. దగ్గరికి పోయినా, అధికారి గేటు లోపలే ఉంటాడు. గేటు దాటడమే నేరమైతే వినతిపత్రం ఇచ్చే హక్కుకు అర్థమే లేదు.

అయితే చట్టం అలా చెప్పడం లేదు. పాత శిక్షాస్మృతిలో 441వ సెక్షన్, 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ ఒకటే మాట చెబుతున్నాయి. ఇతరుల స్వాధీనంలో ఉన్న చోటికి నేరం చేయాలనో, అక్కడివాళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో వెళితేనే నేరం. సక్రమంగా లోపలికి వెళ్ళి, అదే ఉద్దేశంతో అక్రమంగా అక్కడే ఉండిపోయినా నేరమే. అంటే ఎక్కడికి వెళ్ళారన్నది ఒక్కటే సరిపోదు, ఎందుకు వెళ్ళారన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. మీరు వెళ్ళడం వల్ల అధికారికి విసుగు కలగవచ్చని తెలిసినంత మాత్రాన చాలదు, విసిగించడమే ఆ ప్రవేశం లక్ష్యమై ఉండాలని సుప్రీంకోర్టు మాథ్రి వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో స్పష్టం చేసింది. 1964 రిపోర్టుల్లో వచ్చిన ఈ తీర్పును మన న్యాయవాదులకు గుర్తు చేయాలి.

అందువల్ల విద్యార్థినుల తరఫున మొదటి సాక్ష్యం వాళ్ళు పట్టుకెళ్ళిన వినతిపత్రమే. దాని నకలు, తేదీ, ఆఫీసు ముద్ర, ముందు రోజుల్లో ఇచ్చిన అర్జీలు, ఆనాటి ఫోటోలు జాగ్రత్త చేయాలి. చేతిలో కాగితం లేకుండా ఏ అధికారి గదికీ పోవద్దని పిల్లలకు చెప్పండి.

ఇంత చిన్న సెక్షన్‌తో పిల్లలు జైలు దాకా ఎట్లా పోతున్నారు? ఆరుబయట స్థలంలో అక్రమ ప్రవేశానికి గరిష్ఠ శిక్ష మూడు నెలలు, భవనంలోకి అయితే ఏడాది. రెండూ బెయిలబుల్. స్టేషన్‌లోనే బెయిలు ఇవ్వాలి. కానీ దీని పక్కన ప్రభుత్వోద్యోగి విధికి బలప్రయోగంతో అడ్డు తగిలారనో, ప్రజా ఆస్తికి నష్టం చేశారనో మరో సెక్షన్ చేరుస్తారు. అవి నాన్‌బెయిలబుల్. జైలుకు పంపేది ఆ తోక సెక్షన్లే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇదే చూశాం. రోహిత్ వేముల మరణం తర్వాత సెలవు మీద వెళ్ళిన వైస్ ఛాన్సలర్ 2016 మార్చి 22న తిరిగి వచ్చినప్పుడు ఆయన నివాసం దగ్గర నిరసన జరిగింది. ఇద్దరు అధ్యాపకులతో సహా ఇరవై మందికి పైగా అరెస్టయ్యారు. 28న బెయిలు వచ్చేదాకా చర్లపల్లి జైల్లో ఉన్నారు. 2025 మార్చిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇచ్చిన సర్క్యులర్ ధర్నాలు, నినాదాలతో పాటు విభాగాల్లోకి, ఆఫీసుల్లోకి చొరబడటాన్ని కూడా నిషేధాల జాబితాలో చేర్చింది. విద్యార్థి తన విభాగంలోకి తాను చొరబడటమేమిటో ఆలోచించండి. అదే నెలాఖరులో కంచ గచ్చిబౌలి భూముల దగ్గర విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్ళి కేసులు పెట్టారు. ఏప్రిల్‌లో ఉపముఖ్యమంత్రి ఆ కేసులు ఉపసంహరించమని ఆదేశించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రభుత్వం ప్రకటించినంత మాత్రాన కోర్టులో కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ దరఖాస్తు పెట్టాలి, కోర్టు సమ్మతించాలి. ఆ ఉత్తర్వు నకలు చేతికి వచ్చేదాకా వాయిదాలు మానకూడదు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఒకటుంది. "తప్పు ఒప్పుకొని జరిమానా కట్టెయ్యండి, పీడ పోతుంది" అంటారు. తండ్రులు కూడా సరే అంటారు. తప్పు ఒప్పుకోవడమంటే నేరం రుజువైనట్టే. రేపు ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ ఫారం నింపేటప్పుడు అది బయటికి వస్తుంది. ఉద్యోగమే కుటుంబానికి ఆధారమైన ఈ బొగ్గుబావుల ప్రాంతంలో ఇది ఎంత దెబ్బో నేను చెప్పనక్కరలేదు. అక్రమ ప్రవేశం కేసు రాజీ చేసుకోదగ్గది. ఆ స్థలం ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్ళు రాజీకి ఒప్పుకుంటే ఆ నేరం నుండి నిర్దోషిగా విడుదలైనట్టే. రెండింటికీ ఎంతో తేడా ఉంది. వెరిఫికేషన్ ఫారంలో కేసు దాచవద్దని కూడా చెప్పండి. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాలను యజమాని తన విచక్షణతో ఉపేక్షించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కానీ అది హక్కు కాదు, విచక్షణ మాత్రమే.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఉన్న రక్షణలు గుర్తుంచుకోండి. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతితోనే చేయాలి. సాక్షిగా ప్రశ్నించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయసేవల చట్టం కింద ప్రతి స్త్రీకీ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. అరెస్టు కబురు ఎవరికి చెప్పాలో అరెస్టయిన మనిషే చెప్పవచ్చు. అది తండ్రో అన్నో కానవసరం లేదు, స్నేహితురాలు కావచ్చు, మీరు కావచ్చు. ఇంటికి కబురు పోతే దెబ్బలు తప్పవనుకునే పిల్లకు ఈ ఒక్క వెసులుబాటు ఎంతో విలువైనది.

ఎందుకంటే అమ్మాయి మీద విచారణ కోర్టులో మొదలయ్యే లోపే ఇంట్లో తీర్పు అయిపోతుంది. అదే కేసులో ఉన్న అబ్బాయిని నాలుగు రోజులు తిట్టి మళ్ళీ కాలేజీకి పంపుతారు. అమ్మాయికి సంబంధాలు చూస్తారు. మన వాదన ఆ ఇంటి గడపలో కూడా వినపడాలి. బెయిలు వచ్చిన రోజే ఇద్దరం వెళ్ళి తల్లితో, తండ్రితో కూర్చోవాలి. ఇది దొంగతనం కేసు కాదని, ఫలానా తేదీన వాయిదా అని, పరీక్షలుంటే వ్యక్తిగత హాజరు మినహాయింపు అడగవచ్చని వివరంగా చెప్పాలి. భయం చాలావరకు తెలియకపోవడం నుంచి వస్తుంది.

చివరగా ఒక పని. ఇక్కడి నుండి వెళ్ళేముందు ప్రతి కాలనీ నుండి ఇద్దరు కార్యకర్తల పేర్లు, రాత్రి పిలిచినా వచ్చే న్యాయవాది ఫోన్ నంబరు, న్యాయసేవల కమిటీ చిరునామా ఒక కాగితం మీద రాసుకుందాం. ఆ కాగితం నకళ్ళు వచ్చే వారంలోగా మహిళా హాస్టళ్ళలో పిల్లల చేతికి చేరాలి.