సైకిలు ఎక్కే కారు



కారు కొనడం గురించి స్త్రీల కార్యక్రమంలో మాట్లాడడమేవిటి, అందులోనూ పదో తరగతి పాసై వంటింట్లో సంసారం చూసుకుంటున్న మనిషి మాట్లాడడమేవిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. మావారికీ అనిపించింది. కాని చూడండి, చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూస్తాం. లక్షలు పోసి కొనే కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం రంగు బాగుందనీ, ఎదురింటివాళ్ళు కొన్నారనీ కొనేస్తాం. నేను అలా కొనకపోవడానికి ఒక కారణం వుంది. ఆ కారణం మా అమ్మాయి సైకిలు.

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. సైకిలు పందాలంటే ప్రాణం. మేముండేది దిల్‌సుఖ్‌నగర్ వైపు. ఆ రోడ్లమీద బస్సుల మధ్య, ఆటోల మధ్య పిల్లని సైకిలు తొక్కించడానికి ఏ తల్లికి ధైర్యం చాలుతుంది చెప్పండి? శిక్షణకి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని వెలోడ్రోమ్‌కి వెళ్ళాలి. దూరం తొక్కాలంటే 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ దగ్గర మొదలయ్యేలా వేసిన, పైన సౌరఫలకాల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిలు బాటకి వెళ్ళాలి. బాట చక్కగా వుంది, కాదనను. కాని అది ఊరికి ఆ చివర, మేము ఈ చివర. సైకిలు తొక్కే చోటికి సైకిలుని మోసుకుపోవలసిన రోజులొచ్చాయి!

కొన్నాళ్ళు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. ఒక పోటీకి ముందురోజు సాయంత్రం అలాగే తాళ్ళతో కట్టి పంపాం. దారిలో సైకిలు పక్కకి ఒరిగి, వెనకచక్రం దగ్గర గేర్లు మార్చే పరికరాన్ని పట్టుకునే చిన్న కొక్కెం వంగింది. చూస్తే ఏమీ తెలియదు. తెల్లవారి పోటీలో గేరు మార్చినప్పుడల్లా చైను జారడం మొదలుపెట్టింది. పిల్ల మధ్యలోనే దిగిపోయింది. ఏడవలేదు. ఇంటికొచ్చి షూస్ విప్పుకుంటూ, "వద్దులే అమ్మా, మానేస్తాను. నేను తొక్కడం కంటే మీరు మొయ్యడం ఎక్కువైపోతోంది" అంది. ఏడ్చివుంటే ఓదార్చేదాన్ని. ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటికి నాకొక చీటీ పాడుకునే వంతు వచ్చింది. పెళ్ళినాటి గాజులు మార్చి కొత్తవి చేయించుకుందామని ఆరేళ్ళనుంచి అనుకుంటూ కట్టిన చీటీ. అది పాడేశాను. "కారు కొందామండీ, సగం డబ్బు నాది, ఎంపిక నాది" అన్నాను. మావారు నవ్వారుగాని, నేను నవ్వలేదని చూసి ఆగిపోయారు.

ఇక ఇంట్లో తలో మాట. మావారికి వెనక డిక్కీ విడిగా వుండే పొడుగు కారు కావాలి, దర్జాగా వుంటుందని. మా మరిది, "వదినా, తీసుకుంటే ఎత్తుగా, పెద్దగా వుండేది తీసుకోండి, మా బండి చూడండి" అన్నాడు. మా అత్తగారికి కావలసింది ఒక్కటే, మోకాళ్ళు వంచకుండా ఎక్కగలగడం. ఆవిడ మాటే చివరికి అందరి మాటకంటే తెలివైనదని తేలింది, అది తరవాత చెప్తాను.

నేను కుట్టుపని టేపు, ఒక పాత దుప్పటి, మా అమ్మాయిని, దాని సైకిలుని వెంటబెట్టుకుని బయలుదేరాను. షోరూములో కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టి, "మేడమ్, దీని డిక్కీ 380 లీటర్లు" అన్నాడు. లీటర్లతో కొలవడానికి అదేం పాలా? నాలుగు చోట్ల తిరిగాక నాకు బోధపడిందేమిటంటే, ఆ లీటర్ల లెక్క వెనకసీటు నిలబెట్టి వుండగా, దాని వెనక ఎంత చోటుందో చెప్పే లెక్క. సూట్‌కేసులకి పనికొస్తుంది. సైకిలుకి కాదు. మారుతీ డిజైర్ డిక్కీ ఇంచుమించు 380 లీటర్లు, 2019లో వచ్చిన వేగన్ ఆర్‌ది 341 లీటర్లు. కాగితం మీద డిజైరే గొప్ప. కాని దాని డిక్కీ నోరు చిన్నది, వెనకసీటు మడవడానికి వీల్లేదు. బిందె ఎంత పెద్దదైనా మూతి ఇరుకైతే గరిటె దూరదు కదా! వేగన్ ఆర్ సీటు మడిస్తే ముందుసీట్ల దాకా ఖాళీ. వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది.

అందుకని మొదట కొలవవలసింది కారుని కాదు, సైకిలుని. పెద్దవాళ్ళ సైకిలు ఈ చివరనుంచి ఆ చివరకి సుమారు 170 నుంచి 180 సెంటీమీటర్లుంటుంది. ఏ చిన్న కారులోనూ అంత పొడవు సుళువుగా పట్టదు. ముందుచక్రం తీసేస్తే దాదాపు 140కి వస్తుంది. మన జాకెట్ల కొలతల టేపు 150 సెంటీమీటర్లు. కాబట్టి లెక్క చాలా తేలిక. వెనకసీటు మడిచి, ముందుసీటు మీరు కూర్చునే చోటికి జరిపి, దాని వీపు దగ్గరనుంచి వెనక తలుపు దాకా టేపు పరవండి. టేపంతా పడితే సైకిలు పడుతుంది. ముందుసీటు బాగా ముందుకి జరిపి కొలిస్తే ప్రతి కారూ సరిపోతుంది, కాని నడిపే మనిషి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ కుర్రాడు మొదట అలాగే చూపించాడు మాకు.

తరవాత తలుపు నోటి వెడల్పు, ఎత్తు కొలవండి. లోపల చోటుండి నోరు ఇరుకైన కార్లు చాలా వున్నాయి. ఈ మధ్య వచ్చే కార్లకి వెనకభాగం ఏటవాలుగా వుంటోంది, అందం కోసం. ఆ అందం మనకి హ్యాండిలు దగ్గర అడ్డం పడుతుంది. గుమ్మం ఎంత ఎత్తులో వుందో కూడా చూసుకోండి. గేర్ల సైకిలు కొన్ని 14, 15 కిలోలుంటాయి. దాన్ని నడుమెత్తు దాకా లేపి, మళ్ళీ లోపలికి దించాలంటే మగవాళ్ళకేమోగాని, ఇద్దరు పిల్లల్ని కన్న నడుములకి కష్టం. మా అత్తగారు మోకాళ్ళు వంగకూడదన్నారు చూశారూ, ఆవిడకి సుళువైన కారే సైకిలుకీ సుళువైంది. టాపు ఎత్తుగా, గుమ్మం పల్లంగా, తలుపు నిటారుగా. వేగన్ ఆర్ పొడవు 3655 మిల్లీమీటర్లే, ఎత్తు మాత్రం 1675. పొట్టిగా వుండి ఎత్తుగా వుండడమే మనకి కావలసింది.

వెనకసీటు ఒకే పలకగా మడుస్తారా, 60, 40 భాగాలుగా విడివిడిగా మడుస్తారా అని తప్పకుండా అడగండి. ఒకే పేరున్న కారులో కూడా చౌకరకానికి ఒక తీరు, ఖరీదురకానికి ఒక తీరు వుంటుంది. విడిగా మడిచేదయితే, సైకిలు రెండు చక్రాలూ తీసి పెద్ద భాగంవైపు నిలబెట్టి కట్టి, చిన్న భాగంలో ఒక మనిషి కూర్చోవచ్చు. మాకు ఇది ముఖ్యం. లేకపోతే అబ్బాయిని ఇంట్లో వదిలివెళ్ళాలి.

రెనో ట్రైబర్ అని 2019లో ఒకటొచ్చింది. నాలుగు మీటర్లకి పది మిల్లీమీటర్లు తక్కువ. దాని మూడో వరస సీట్లు పూర్తిగా ఊడదీసి బయట పెట్టవచ్చు. అప్పుడు వెనక 625 లీటర్ల చోటు. రెండు సైకిళ్ళు మోసేవాళ్ళకి చాలా మంచిది. నాకూ మనసైంది. కాని ఆ ఊడదీసిన సీట్లు మా రెండు గదుల ఫ్లాటులో ఎక్కడ పెట్టను, దేవుడి గదిలోనా? సొంత ఇల్లు, వెనక ఒక గది వున్నవాళ్ళు ఆలోచించండి. పూర్వం మారుతీ వ్యాను, అదే తరవాత ఓమ్నీ అన్నారు, 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది. అందులో అయితే పెళ్ళిసామాను, వంటపాత్రలు, మంచాలు అన్నీ ఎక్కేవి. ఆ కాలంలో పిల్లల సైకిళ్ళెవరూ మొయ్యలేదంతే.

మావారు గ్యాసు కారు తీసుకుందామన్నారు, ఖర్చు కలిసొస్తుందని. మాట నిజమే. కాని చాలా చిన్న కార్లలో ఆ సిలిండరు డిక్కీలోనే వుంటుంది. సైకిలు ఎక్కడ పెడతాం, సిలిండరు నెత్తిమీదా? టాటావాళ్ళు 2023నుంచి కొన్ని కార్లలో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెడుతున్నారు. గ్యాసు కావాలనుకుంటే అవి చూడండి. మేము నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామో లెక్కవేసి పెట్రోలే నయమనుకున్నాం.

కారు పైన కట్టుకోవచ్చు కదా అంటారు. కట్టుకోవచ్చు. మా మరిది పెద్ద బండి మీద కట్టాడు. సాయంత్రం అలిసిపోయి వచ్చి, పైన సైకిలున్న సంగతి మరిచి, అపార్టుమెంటు సెల్లారులోకి తిన్నగా పోనిచ్చాడు. ఆ చప్పుడుకి మూడో అంతస్తులో నా చేతిలో గిన్నె జారిపోయింది. సైకిలు హ్యాండిలు వంకర, టాపు సొట్ట. పైగా ప్రతి కారు టాపూ బరువు మొయ్యదు. ఎన్ని కిలోలు పెట్టవచ్చో కారుతో ఇచ్చే పుస్తకంలో వుంటుంది, ముందు అది చదవండి. వెనక తలుపుకి పట్టీలతో తగిలించే స్టాండ్లు కూడా వున్నాయి. చౌకే. కాని కొక్కేలు ప్లాస్టిక్ అంచుమీద పడితే విరుగుతాయి. సైకిలు నంబరు ప్లేటుకీ, ఎర్రదీపాలకీ అడ్డంవస్తే జరిమానా సంగతి అలా వుంచండి, వెనక వచ్చే లారీవాడికి మనం బ్రేకు వేసినట్టు కనబడదు. అందుకే లోపల పెట్టుకోవడమే నాకిష్టం. దొంగల భయమూ వుండదు.

లోపల పెట్టేటప్పుడు చైనువైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి, ఆ కొక్కెం మీద బరువు పడదు. సీటు మడిచినచోట మెట్టులా వుంటే పాత బొంత వేసి సమం చెయ్యండి. డిస్కు బ్రేకులున్న సైకిలయితే, చక్రం తీసినచోట మడిచిన అట్టముక్క పెట్టండి. లేకపోతే ఎవరైనా బ్రేకు పిడి నొక్కారంటే లోపలి ప్యాడ్లు దగ్గరకొచ్చేస్తాయి, చక్రం మళ్ళీ దూరదు. మా అబ్బాయి నొక్కాడు, అందుకే చెప్తున్నాను. స్టెప్నీ డిక్కీ అడుగున వుంటే, దారిలో పంక్చరైనప్పుడు సామానంతా దించాలన్నది గుర్తుంచుకోండి.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. ఒకరోజు తెల్లవారుజామున నేనే నడుపుతున్నాను. అన్నట్టు, నలభై రెండో ఏట నేర్చుకున్నాను లెండి, పోటీలు ఆరింటికి మొదలవుతాయి, మావారిది రాత్రి డ్యూటీ. ఉప్పల్ దగ్గర బ్రేకు నొక్కబోతే పెడలు కిందికి దిగలేదు. మంచినీళ్ళ సీసా సీటు కిందనుంచి దొర్లుకొచ్చి అడ్డంపడింది. కాలితో పక్కకి తోసేలోపల ముందున్న బస్సు జానెడు దూరంలోకి వచ్చింది. ఆనాటినుంచి పంపు, సీసాలు, హెల్మెటు, షూస్ అన్నీ మూతవున్న ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, దాన్ని సైకిలుతోపాటు పట్టీతో కట్టేస్తున్నాను. సైకిలు కూడా కట్టే వుండాలి. వూరికే పడేస్తే, గట్టిగా బ్రేకు పడిన రోజున వచ్చి మన వీపుకే తగులుతుంది.

కొత్తది కొనేవాళ్ళకొక మాట. నాలుగు మీటర్లకి మించని పొడవు, పెట్రోలయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ మించని ఇంజను వున్నవాటికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28, దానిమీద సెస్సు. మేము మాత్రం పాత వేగన్ ఆరే కొన్నాం. గీతలుపడ్డ కారయితే సైకిలు తగిలినప్పుడల్లా గుండె గుభేలుమనదు. మిగిలిన డబ్బుతో అమ్మాయికి కొత్త కొక్కెం, మంచి టైర్లు వచ్చాయి. గాజులు పాతవే వున్నాయి.

మొదట్లో సైకిలు ఎక్కించడానికి మాకు ఇరవై నిమిషాలు పట్టేది. ఇప్పుడు మా అమ్మాయి ఒక్కర్తే ఆరు నిమిషాల్లో ముగిస్తోంది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పోయిన పోటీలో తొమ్మిదోది వచ్చింది, చివరిదాకా తొక్కింది. మావారి స్నేహితుడొకాయన కారు కొంటున్నానంటే, ఈయన నా టేపు జేబులో వేసుకుని ఆయనతో షోరూముకి వెళ్ళారు. అది ఇప్పుడు కారులోనే వుంటోంది. జాకెట్టు కొలతలు తియ్యాలంటే నేను మూడంతస్తులు దిగి తెచ్చుకోవలసివస్తోంది.

ఇక సెలవు.