మెడ ఆపరేషన్‌లో నెత్తురు ఎట్లా ఆపుతారు?



పటాన్‌చెరు కంపెనీలో ఒక కార్మికుడు షెడ్డు మీద నుంచి పడ్డాడనుకోండి. మెడ ఎముక విరిగింది. తోటివారు అతన్ని చేతులు, కాళ్లు పట్టి ఎత్తకూడదు. మెడ కదలనీయకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలి.

దవాఖానలో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు. భార్యకు భయం పట్టుకుంది. "మెడ కోస్తే నెత్తురంతా పోదా సారూ?" అని అడిగింది.

ఆమె భయం ఉత్తది కాదు. మెడలో ఏడు ఎముకలు ఉంటాయి. వాటి నడుమ చిటికెన వేలంత లావు వెన్నుపాము ఉంటుంది. కాళ్లు, చేతులు ఆడేది దానివల్లనే. చేతి గాయాన్ని గుడ్డతో అదిమినట్టు అక్కడ అదమరాదు. వెన్నుపాము నలిగిపోతుంది.

మరి డాక్టర్లు ఏం చేస్తారు?

బోర్లా పడుకోబెడితే ఛాతీ కింద, తుంటి కింద మెత్తలు పెడతారు. పొట్ట నొక్కుకోకుండా చూస్తారు. పొట్ట నొక్కుకుంటే వెన్ను చుట్టూ ఉండే నాళాల్లో నెత్తురు పొంగుతుంది.

కారే సన్నని నాళాన్ని కరెంటు పటకారుతో పట్టి మూస్తారు. ఎముక నుంచి ఊరే నెత్తురుకు మైనం అద్దుతారు. లండన్ డాక్టరు విక్టర్ హార్స్‌లీ 1892లోనే తేనెమైనం కలిపిన ఇలాంటి మందు గురించి రాశాడు. నెత్తురు గడ్డకట్టించే మెత్తని స్పాంజి కూడా వాడతారు. అవసరమైతే ట్రానెగ్జామిక్ యాసిడ్ సూది ఇస్తారు.

ఇంటివారి పని కూడా ఉంది. "ఏమైనా గోలీలు వాడుతున్నాడా?" అని డాక్టరు అడిగాడు. "నడుం నొప్పికి రోజూ మెడికల్ షాపు గోలీ మింగుతాడు" అని భార్య చెప్పింది. ఆ ఒక్క మాట చాలా మేలు చేసింది. కొన్ని నొప్పి గోలీలు, గుండెకు వాడే ఆస్పిరిన్ నెత్తురును త్వరగా గడ్డకట్టనీయవు. నాటు మందులైనా దాచకండి. గుండె గోలీలు సొంతంగా ఆపకండి. ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.

నెత్తురు ఎక్కించాల్సి రావచ్చు. 18 నుంచి 65 ఏళ్లలోపు, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతులు పరీక్ష చేయించుకుని ఇవ్వవచ్చు. డబ్బుకు నెత్తురు అమ్మడం 1998 నుంచి నిషేధం.

ఆపరేషన్ అయ్యాక కూడా కనిపెట్టి ఉండాలి. లోపల నెత్తురు చేరితే గాలిగొట్టాన్ని గానీ, వెన్నుపామును గానీ నొక్కుతుంది. మెడ ఉబ్బినా, ఊపిరి ఆడకున్నా, కాళ్లు చేతులు పట్టు తప్పినా వెంటనే నర్సమ్మను పిలవండి. అర్ధరాత్రి అయినా సరే. "పొద్దున చూద్దాం" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.