మన నోటికి వికృతి అని పేరు పెట్టిందెవరు?

(కోనసీమ దళిత విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను భూమి గురించి మాట్లాడను, రిజర్వేషన్ గురించీ మాట్లాడను. నోటి గురించి మాట్లాడతాను.

ప్రతి మనిషికీ రెండు పలుకులుంటాయి. చేలో ఉన్నోణ్ణి కేకేస్తే "వత్తన్నానండీ" అంటాడు. ఆఫీసులో బల్ల ముందు నిలబడితే అతనే "వస్తున్నానండి" అని అక్షరం అక్షరం విప్పి చెబుతాడు. తొందరలో నాలుక అడ్డదారి పడుతుంది. చెవుడున్న ముసలమ్మతో మాట్లాడేటప్పుడు అదే నాలుక నెమ్మదిగా నడుస్తుంది. ఇందులో కులం లేదు. అగ్రహారంలో కూడా మామయ్య 'మావయ్య' అయ్యాడు, మామిడి 'మావిడి' అయింది.

మరి కులం ఎక్కడ దూరింది? నవ్వులో దూరింది. ఆయన 'మావిడి' అంటే గోదావరి తీపి. మనోడు 'బాస' అంటే నోరు తిరగని మొద్దు! ఆయన ఇంట్లో ఎలా మాట్లాడినా చెల్లుతుంది. మనం మాత్రం పొద్దస్తమానం పరీక్షలో కూర్చున్నట్టు మాట్లాడాలి. ఆ భయంతోనే ఒత్తు లేనిచోట కూడా ఒత్తు పెడతాం. 'బాధ'ని 'భాధ' చేస్తాం. ఇంకొంతమంది పిల్లలు అసలు నోరే విప్పరు. జవాబు తెలిసీ చెయ్యి ఎత్తరు. అసలు నష్టం అక్కడుంది.

వ్యాకరణం ఏం చెబుతుందో వినండి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకి 36 అని లెక్క కట్టాడు. ఆ 36లో ఖ లేదు, ఘ లేదు, ధ లేదు, భ లేదు. శ, ష కూడా లేవు. ఉన్నది స ఒక్కటే. అంటే మన అమ్మల నోట పలకని ఒత్తులు అచ్చతెలుగులోనే లేవు! కథని 'కత' అనీ, యజ్ఞాన్ని 'జన్నం' అనీ కవి రాస్తే పద్యం. పేటలో 'కత' అంటే తప్పు. పైగా ఆ మాటలకి బడిలో పెట్టిన పేరు 'వికృతి'. మారిన రూపం అనే అర్థం అంటారు పండితులు. పదేళ్ళ పిల్ల చెవికి ఆ మాట ఎలా తగులుతుందో వాళ్ళు ఆలోచించారా?

మన పెద్దోళ్ళు 'అంబేత్కర్' అంటారు. ద పక్కన క వస్తే త లాగా పలకడం నాలుక గుణం. దాన్ని దిద్దబోయే పండితుడు 'అంబేద్కర్' అంటాడు. మరాఠీలో అక్కడ ఉన్నది ద కాదు, డ. 'ఆంబేడకర్'. ఎవరు ఎవర్ని దిద్దాలి?

2022 మే 24న ఆ పేరు మన జిల్లాకి వద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. కాయితం మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. నోట మాత్రం చాలామందికి 'కోనసీమ జిల్లా'యే. పొడుగని కుదిస్తే అది నాలుక సుఖం. కావాలని మింగేస్తే అది కులం.

కాబట్టి తమ్ముళ్ళూ, ఇంటర్వ్యూకి పనికొచ్చే పలుకు నేర్చుకోండి, అది పనిముట్టు. ఇంటి పలుకుని దాచుకోకండి, అది తల్లి. టీచర్లయినోళ్ళు క్లాసులో నవ్వుని ఆపండి. అందరం ఒక్క మాట మాత్రం ఎంత తొందరలో ఉన్నా మింగకుండా, విప్పి, గట్టిగా పలుకుదాం: డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా!

జై భీమ్.